అరగంట నిశ్శబ్దం

ఆ పొద్దున టైమ్ కీపరు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదిన్నర నుంచి పదకొండు దాకా ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. అంతే. పన్నెండేళ్ళుగా డిపోలో కూర్చుని రోజుకు నూట ముప్ఫై బస్సుల్ని నిమిషం తేడా రాకుండా బయటికి పంపుతున్న మనిషికి ఇద్దరు పిల్లల్ని అరగంట సేపు నోరెత్తకుండా చూడటం ఒక లెక్కా అనుకున్నాడు. బస్సులకు పళ్ళు రావన్న సంగతి అప్పటికింకా ఆయనకు తట్టలేదు.

అరగంట ఎందుకంటే, ఆయన భార్యకు ఫోన్లో ఇంటర్వ్యూ. ఆంబులెన్సు కంట్రోల్ రూములో ఫోన్లెత్తే ఉద్యోగం. పెద్దది పుట్టకముందు ఆమె ఒక ఆస్పత్రి రిసెప్షన్‌లో పనిచేసేది. ఐదేళ్ళుగా ఇంటిపట్టునే ఉంటోంది. ఈ ఉద్యోగం మీద ఎంత ఆశ పెట్టుకుందో ఆమె పైకి చెప్పలేదు గానీ, గిన్నెలు తోముతూ "నమస్కారం, ఎవరికేమైందో చెప్పండి" అని సింకుతో మాట్లాడటం ఆయన చాలాసార్లు విన్నాడు. పోయిన వారం జరగాల్సిన ఇంటర్వ్యూ రెండో నిమిషంలోనే ఆగిపోయింది. పది నెలల చిన్నది అందుకున్న రాగానికి అవతలి మేడమ్ "మీ ఇల్లు కాస్త కుదుటపడ్డాక చూద్దాంలేమ్మా. ఇంకొక్కసారి చేస్తాను, ఆ తర్వాత మాత్రం కుదరదు" అని పెట్టేసింది. ఆ రోజు ఆమె ఏడవలేదు. ఉతికి ఆరేసిన బట్టల్ని తీసుకొచ్చి మళ్ళీ ఉతికింది. అది చూసి టైమ్ కీపరు మనసు చివుక్కుమంది.

"ఈసారి నేను సెలవు పెడుతున్నా. నువ్వు గదిలోకెళ్ళి తలుపేసుకో. బయట ప్రళయం వచ్చినా నీకు తెలీదు," అన్నాడు.

"ప్రళయం వస్తే చెప్పండి, నేనే వచ్చి చూసుకుంటా. మీరు సర్దడం మొదలుపెడితేనే నాకు భయం," అంది ఆమె.

పదింటికి చిన్నది పడుకుంది. పళ్ళొస్తున్న పాపానికి అది మూడు రాత్రులుగా తను నిద్రపోలేదు, ఎవర్నీ నిద్రపోనివ్వలేదు. ఆయన దాన్ని భుజాన వేసుకుని గంటసేపు హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూ పాడాడు. గొంతు బొంగురుపోయింది. పై ఫ్లాట్లో వంటగది అరలు బిగిస్తున్న వడ్రంగి డ్రిల్లు మిషనుతో గోడలు తొలిచేస్తున్నా పిల్ల తన పాటకే పడుకుందంటే, తన గొంతులో ఎంత మహిమ ఉందో అని లోలోపల మురిసిపోయాడు కూడా. పిల్లను మెల్లగా ఉయ్యాల్లో దించాడు. పది ఇరవైకి భార్య ఫోను పట్టుకుని, ఒకసారి ఉయ్యాల వంకా ఒకసారి మొగుడి వంకా చూసి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

అక్కడితో ఆయన కూడా ఓ కుర్చీలో కూలబడి ఉంటే ఈ కథ లేదు. కానీ చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయన ఒంటికి పడదు. తల పైకెత్తాడు. ఫ్యాను కిర్రుమంటోంది. ఆపేశాడు. ఫ్యాను ఆగాక ఫ్రిజ్జు మూలుగు వినిపించింది. ప్లగ్గు పీకేశాడు. ఫ్రిజ్జు నోరు మూశాక గోడ గడియారం టిక్కుటిక్కుమంటూ దొరికిపోయింది. దాని బ్యాటరీ తీసి జేబులో వేసుకున్నాడు. ఎవరైనా గంట నొక్కుతారేమోనని కాలింగ్ బెల్లు వైరు ఊడబెరికాడు. అప్పుడు పెద్దది తన మాట్లాడే బొమ్మతో ఎదురొచ్చింది. ఐదేళ్ళ ఆ పిల్లను ఇంట్లో అందరూ కలెక్టరమ్మ అంటారు, ప్రతిదానికీ సంజాయిషీ అడుగుతుంది కాబట్టి.

"ఇది మాట్లాడకూడదు," అంటూ బొమ్మ వీపు తెరిచి బ్యాటరీ లాగేశాడు. "నువ్వూ మాట్లాడకూడదు. స్టూలు వేసుకుని గుమ్మం బయట కూర్చో. ఎవరొచ్చినా ఇలా పెదాల మీద వేలు పెట్టు. నోరు తెరవకు."

"తెరిస్తే?"

"అమ్మ ఉద్యోగం పోతుంది."

"అమ్మకి ఉద్యోగం లేదుగా?"

"రాకముందే పోతుంది. వెళ్ళు."

కలెక్టరమ్మ వెళ్ళి కూర్చుంది. ప్రాణం పోయిన బొమ్మను ఒళ్ళో పెట్టుకుని, పెదాల మీద వేలుంచుకుని, చప్పుడు చేయకుండా బొటబొటా కన్నీళ్ళు కార్చడం మొదలుపెట్టింది. బుద్ధిమంతురాలు, నోరు మాత్రం తెరవలేదు.

ఇక మిగిలింది డ్రిల్లు. టైమ్ కీపరు చెప్పుల్లేకుండా పిల్లిలా మెట్లెక్కి పై ఫ్లాటుకు వెళ్ళాడు. మూడు రాత్రుల నిద్ర లేక కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. గడ్డం గీసుకోలేదు. గొంతు పెగలడం లేదు. వడ్రంగి మిషను ఆపి చూస్తే గుమ్మంలో ఈ ఆకారం రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది.

"ఒక్క అరగంట... ఆపు బాబూ," అన్నాడు. అంతకు మించి మాట బయటికి రాలేదు.

వడ్రంగి మెత్తటి మనిషి. "అయ్యో, ఏమైంది సార్?" అనబోయి, ఆ ముఖం చూసి మింగేశాడు. "అరగంటేంటి సార్, ఇవాళ్టికి ఆపేస్తా," అన్నాడు. ఆయన కిందికి దిగాక తనూ దిగి, మోటారు గదిలో ఉన్న వాచ్‌మన్‌తో కింది ఇంటాయన చప్పుడు ఆపమని దండం పెట్టాడని, వాళ్ళకి ఏదో పెద్ద కష్టమే వచ్చినట్టుందని చెవిలో వేశాడు. వాచ్‌మన్ వెళ్ళి అసోసియేషన్ సెక్రటరీకి చెప్పాడు.

సెక్రటరీ గారు రిటైరై నాలుగేళ్ళయింది. ఏదైనా జరిగితే బాగుండునని నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. పరుగున వచ్చాడు. గుమ్మం దగ్గర స్టూలు మీద పసిపిల్ల. "ఏమైందమ్మా?" అన్నాడు. పిల్ల వేలు తీయకుండా తల అడ్డంగా ఊపింది. రెండు కన్నీటి చుక్కలు బొమ్మ మీద పడ్డాయి. ఓరగా తెరిచిన తలుపులోంచి చూశాడు. ఆగిన ఫ్యాను, ఆగిన గడియారం, ఉయ్యాల పక్కన తల పట్టుకుని కూర్చున్న ఇంటాయన.

మెట్ల మీదికి అప్పటికే నలుగురు చేరారు. "ఎవరూ ఏమైందని అడగొద్దు," అన్నాడు సెక్రటరీ గుసగుసగా. "బాధలో ఉన్నవాళ్ళని గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదు. మనం చేయగలిగింది చేద్దాం." ఆ తర్వాత తను చేయగలిగింది చేశాడు. కింది నీళ్ళ మోటారు, లిఫ్టు, ఇళ్ళల్లో టీవీలు అన్నీ ఒక్క దెబ్బకు ఆగేలా భవనం మెయిన్ స్విచ్చు దింపేశాడు. ఎవరూ ఎవర్నీ అడగలేదు కాబట్టి ఐదు నిమిషాల్లో అందరికీ అన్నీ తెలిసిపోయాయి. పోయింది ఇంటాయన తల్లి అని మొదటి అంతస్తు, కాదు ఉద్యోగమని రెండో అంతస్తు తేల్చేశాయి.

లోపల టైమ్ కీపరు అదృష్టానికి తనే ఆశ్చర్యపోతున్నాడు. భవనమంతా సద్దుమణిగింది. గది తలుపు వెనక నుంచి భార్య గొంతు సన్నగా, నిబ్బరంగా వినిపిస్తోంది. అరగంటలో కనీసం పది నిమిషాలైనా గడిచి ఉంటుందనుకుని గడియారం చూశాడు. గడియారం పది ఇరవై మూడు దగ్గర ఆగి ఉంది, బ్యాటరీ తన జేబులో ఉంది.

సరిగ్గా అప్పుడే ఉయ్యాల్లో ఒక కాలు కదిలింది.

చిన్నది కళ్ళు తెరిచి పై కప్పు వైపు చూసింది. చెవులు రిక్కించి దేనికోసమో వెతుకుతున్నట్టు చూసింది. టైమ్ కీపరుకు పొద్దున భార్య అన్న మాట ఇప్పుడు సరిగ్గా బుర్రకెక్కింది: "రాత్రంతా చంపుతోంది గానీ, రెండ్రోజులుగా పదింటికి మాత్రం ఠంచనుగా పడుకుంటోందండీ." పై ఫ్లాట్లో పని మొదలై రెండు రోజులే అయింది. మిషను మొదలయ్యేది పదింటికే. పిల్లను పడుకోబెట్టింది తన పాట కాదు.

పై ప్రాణాలు పైనే పోయాయి. ఫ్యాను వేశాడు, తిరగలేదు. ఫ్రిజ్జు ప్లగ్గు పెట్టాడు, పలకలేదు. ఉయ్యాల మీదికి వంగి, ఉన్న గొంతుతో "గుర్ర్ర్ర్" మని తనే డ్రిల్లయ్యాడు. చిన్నది ఆ ముఖాన్ని దగ్గరగా చూసి కింది పెదవి వంచింది. ఆ పెదవి వంగిందంటే ఇంక నిమిషం కూడా లేదు. ఒక్క ఉదుటున తలుపు తీసుకుని బయటికి దూకాడు.

మెట్ల నిండా మనుషులు. పదిహేను మందికి తక్కువ లేరు. అందరూ చేతులు కట్టుకుని, తలలు దించుకుని నిలబడి ఉన్నారు. ఎందుకని అడిగే తీరిక ఆయనకు లేదు. గుంపులో వడ్రంగి కనబడగానే వెళ్ళి భుజాలు పట్టుకున్నాడు.

"మిషను వెయ్యి! వెంటనే వెయ్యి!"

"ఎలా వేస్తాను సార్? నాకూ పిల్లలున్నారు. మరీ అంత కఠినాత్ముణ్ణి కాదు."

"నీ కాళ్ళు పట్టుకుంటా. గోడకి ఒక్క కన్నం పెట్టు బాబూ, ఒక్కటే కన్నం!"

వడ్రంగి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సెక్రటరీ తల పంకించాడు. "షాకు. తల్లి పోతే కొందరికి ఇలాగే అవుతుంది. కూర్చోబెట్టండి, నీళ్ళివ్వండి," అన్నాడు.

"మా అమ్మకేం, గుండ్రాయిలా ఉంది!" అని టైమ్ కీపరు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఆ మాటతో అందరికీ మరింత జాలి కలిగింది. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టారు. లోపల చిన్నది పూర్తి గొంతుతో అందుకుంది. "పాపం, పసిదానికి కూడా తెలిసిపోయింది," అన్నారెవరో. టైమ్ కీపరుకు నిజంగానే ఏడుపొచ్చింది. రెండుసార్లు ఉతికిన ఆ బట్టలు గుర్తొచ్చి, ఇంకెప్పుడూ ఆమె ముఖం ఎలా చూడాలో తెలియక, చిన్నపిల్లాడిలా "కన్నం... కన్నం..." అంటూ వెక్కిళ్ళు పెట్టాడు.

గది తలుపు తెరుచుకుంది.

"ఒక్క క్షణం లైన్లోనే ఉండండి మేడమ్," అంటూ ఆయన భార్య ఫోను చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. మెట్ల మీది జనాన్ని ఒకసారి పై నుంచి కింది దాకా చూసింది. "నమస్కారం. ఎవరికేమైందో చెప్పండి," అంది.

అంతవరకూ ఆ ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు రాలేదు, మిగిలినవాళ్ళు అడగనే లేదు. పదిహేను మందీ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఎవరికీ ఏమీ కాలేదన్నమాట. ముందు ఆయన చేతులు వదలండి, రక్తం ఆడట్లేదు. సెక్రటరీ గారూ, కరెంటు తీసింది మీరేనా? కిందికెళ్ళి వెయ్యండి, నింపాదిగా, పరిగెత్తొద్దు. అన్నా, నువ్వు పైకెళ్ళి మిషను వెయ్యి. గోడ కాకపోతే ఏదో ఒక చెక్కకి పెట్టు కన్నం. మిగతావాళ్ళు మెట్లు ఖాళీ చేసి దారివ్వండి. నీకేం కావాలమ్మా?"

కలెక్టరమ్మ మొదటిసారి వేలు తీసింది. "బొమ్మ బ్యాటరీ."

"నాన్న జేబులో ఉంటుంది, తీసుకో."

గొంతు పెంచలేదు, కసురుకోలేదు. ఒకటిన్నర నిమిషంలో మెట్లు ఖాళీ అయ్యాయి, దీపాలొచ్చాయి, పైన మిషను గుర్రుమంది. చిన్నది ఏడుపు మధ్యలోనే ఆవలించి, కళ్ళు మూసుకుని, వేలు చీకుతూ పడుకుంది. ఆమె "ఆలస్యమైంది మేడమ్, క్షమించండి" అంటూ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

టైమ్ కీపరు ఆ తలుపు బయటే నేల మీద కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. ఆమె బయటికి వచ్చేసరికి లేచి నిలబడి, "నావల్లే. అంతా నావల్లే. ఆవిడ పెట్టేసిందా?" అన్నాడు.

"సోమవారం వచ్చి చేరమన్నారు," అంది.

"ఇంత గోల విన్నాక కూడానా?" అన్నాడు ఆయన.

"మొత్తం విన్నారటండీ. ఆ తర్వాత ప్రశ్నలే అడగలేదు. కంగారులో హడావిడి చేసేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు, ముందు ఏమైందని అడిగేవాళ్ళే దొరకరు అన్నారు." ఆమె నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది, రెండూ ఒకేసారి. "అడిగింది ఒక్కటే. కన్నం కావాలని అంతలా ఏడ్చారే, ఆయనెవరు, ఇప్పుడెలా ఉన్నారు అని."

"ఏం చెప్పావు?"

"పక్క ఫ్లాటాయన అని చెప్పాను. కుదుటపడ్డారన్నాను."

సోమవారం నుంచి ఆమె డ్యూటీకి వెళ్ళిన పూట ఆ ఇద్దరు పిల్లల్నీ చూసుకుంటున్నది ఆ పక్క ఫ్లాటాయనే.