పడడంలో హోదా

స్వతంత్ర భారతంలో స్త్రీ ఇకమీదట ఎవరికీ భయపడదని చోడవరం వీరనారీ సమాజం 1956 ఆగస్టులో ఏకగ్రీవంగా తీర్మానించింది. నకళ్లు కలెక్టరుగారికీ, పంచాయతీ ప్రెసిడెంటుకీ పంపారు. దుండగులకు కూడా ఒకటి పంపితే బాగుండేది కాని, వారి చిరునామాలు దొరకలేదు.

సమాజం అధ్యక్షురాలు తాసిల్దారుగారి భార్య దుర్గాంబ. మీదికి దూసుకువచ్చే మనిషి చెయ్యి పట్టుకుని, పక్కకు తప్పుకుని, వాడి ఊపుతోనే వాణ్ణి పడెయ్యడం జపానువారి విద్యట. ఆవిడ తమ్ముడు మద్రాసు నుంచి బొమ్మల పుస్తకం పంపించాడు. పడెయ్యడం నేర్చుకుంటామని సభ్యులందరూ చేతులెత్తారు. దూసుకురావడానికే ఎవరూ ముందుకు రాలేదు. కుచ్చెళ్లు ఎగదోపి, కేకలు వేస్తూ పరుగెత్తి, చివరికి కింద పడే పని ఆఫీసర్ల కుటుంబాలకు తగదని తేలింది.

అందుకని దేముడమ్మను పిలిచారు. బుచ్చయ్యపేటలో చెరుకు మోపులు మోసిన మనిషి. సమాజం నడిపే శిశువిహారంలో మూడేళ్లుగా టెంపరరీ ఆయా. పర్మనెంటు కాగితం మీద జిల్లా అధ్యక్షురాలు, అంటే కలెక్టరుగారి భార్య, సంతకం చెయ్యాలి. ఆ కాగితం ఆవిడ ముందు పెట్టవలసింది దుర్గాంబ.

"కలెక్టరమ్మగారు వచ్చే నెల వస్తున్నారు. ఆ రోజు నువ్వు సరిగ్గా పడితే కాగితం నేనే ఆవిడ చేతికిస్తాను" అంది దుర్గాంబ.

"ఎన్నిసార్లు పడాలేటమ్మగారూ?"

"మేం పడేసినన్నిసార్లు."

మూడు రోజుల్లో దేముడమ్మకు విద్య అంతా బోధపడింది. దుర్గాంబ పట్టు తమలపాకుకు కూడా నొప్పి పుట్టించదు. కాబట్టి పడెయ్యడం కూడా తనే చూసుకోవాలి. గడ్డం గుండెకానించి, నడుం వదిలేసి, గడ్డివాము మీంచి జారినట్టు దొర్లేది. దెబ్బ తగిలేది కాదు, చప్పుడు మాత్రం ఘనంగా వచ్చేది.

రెండో వారంలో చిక్కొచ్చింది. దుర్గాంబ పడేస్తే నాలుగడుగులు దొర్లిన దేముడమ్మ, సబ్ రిజిస్ట్రారు భార్య మంగాయమ్మ పడేసేసరికి ఆరడుగులు దొర్లింది.

"ఆవిడకి అంత దూరం ఎందుకు వెళ్లావే?" అంది దుర్గాంబ.

"నేల తడిగా ఉందమ్మగారూ. జారిపోనాను."

ఈ సంజాయిషీ తృప్తికరంగా లేదని కార్యదర్శి వరహాలక్ష్మి మినిట్సు పుస్తకంలో రాసింది. దాని కిందే ఏడవ తీర్మానం కూడా రాసింది: 'దాడి చేయు వ్యక్తి పడునప్పుడు సభ్యురాండ్ర భర్తల హోదాను గమనించవలెను.' దుర్గాంబకు ఆరడుగులు, మంగాయమ్మకు నాలుగు, డాక్టరు భార్యకు మూడున్నర. గుమాస్తా భార్య గనక వరహాలక్ష్మికి తూలితే చాలు.

"మరి తాగొచ్చి మీదడిపోయే మొగుడి కాడ ఎన్నడుగులు పడాలమ్మా?" అని అడిగింది దేముడమ్మ.

ఆ అంశం ఎజెండాలో లేదు.

కలెక్టరుగారి భార్య వచ్చిన రోజున పర్మనెంటు కాగితం పూలదండ పక్కనే పళ్లెంలో ఉంది. దేముడమ్మ దాని వంక ఒకసారి చూసి, కేక పెట్టి దూసుకువచ్చి, దుర్గాంబ చెయ్యి తగిలీ తగలక ముందే ఏడడుగులు దొర్లింది. ఒక అడుగు కాగితం కోసం. చప్పట్లు మోగాయి.

కలెక్టరమ్మగారు చిన్న వయసావిడ, టెన్నిసు ఆడే మనిషి. కూర్చోలేకపోయింది. చేతిసంచీ వరహాలక్ష్మికిచ్చి, కొంగు బిగించి, "ఈసారి నేనొస్తాను, పడెయ్యండి" అంది.

దుర్గాంబ లెక్క వేసుకుంది. పడేస్తే భర్తకు మన్యం జ్వరాల పాడేరుకు బదిలీ. పడెయ్యకపోతే విద్యకు అవమానం. పుస్తకంలో కలెక్టరు భార్య దూసుకువచ్చే బొమ్మ లేదు. ఆవిడింకా గజం దూరంలో ఉండగానే దుర్గాంబ గుమ్మడిపండులా దభీమని కింద పడింది.

"అయ్యో, నేను ముట్టుకోనే లేదే."

"తమరి ఊపే అలాంటిదండీ" అంది దుర్గాంబ, కింద నుంచే.

కలెక్టరమ్మగారు పరమానందపడిపోయింది. "ఈ విద్య నాకు పుట్టుకతోనే వచ్చిందన్నమాట. ఈ శుక్రవారం నుంచి మా బంగళాకి రండి, రోజూ ప్రాక్టీసు చేద్దాం" అని కారెక్కింది. కాగితం పళ్లెంలోనే ఉండిపోయింది.

మర్నాడు దేముడమ్మకు కబురొచ్చింది. దుర్గాంబ నడుముకు కాపడం పెట్టించుకుంటోంది.

"శుక్రవారం ఎంతో దూరం లేదు. దెబ్బ తగలకుండా ఎలా పడతావో నాకు నేర్పాలే."

"నా కాయితమండీ?"

"శుక్రవారం సంతకం పెట్టించుకొస్తాను."

"అయితే శనివారం నేర్పుతానమ్మగారూ."

ఆ మధ్యాహ్నమే తాసిల్దారుగారి బంట్రోతు కాగితం పట్టుకుని విశాఖపట్నం బస్సెక్కాడు. బుధవారం సంతకమైన కాగితం వచ్చింది. దేముడమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుని, పెరట్లో పరుపు పరిచి దుర్గాంబను నిలబెట్టింది.

"నా వల్ల కాదే. నాకు పడడం అలవాటు లేదు."

"అవుతాదమ్మగారూ. పైవోళ్లని సూసి పడ్డమే కదా, సగం మీకొచ్చే ఉంది. ఆ నడుమొక్కటీ వదిలీండి."