ఆశ్చర్యపు గుమాస్తా

ఈ ఏడు వసంతాన్ని సర్కారు స్వయంగా వెళ్లి చూస్తుందని పంజాగుట్టలోని రుతువుల తనిఖీ కచేరీ 1938 ఫిబ్రవరిలో ప్రకటించింది. అంతవరకు వసంతం తనంతట తానే వచ్చి పోతుండేది. వచ్చినట్టు ఎవరూ సంతకం పెట్టించుకునేవారు కాదు.

ఉత్తరాదిన ఒక కొండ సంస్థానం నుంచి ఆహ్వానం వచ్చింది. అక్కడ ట్యూలిప్ పూల పండుగ చేస్తారట. గిన్నెల్లాంటి ఎర్రటి పూలు, నేల మీద కాదు, ఇళ్ల మట్టి కప్పుల మీద పూస్తాయట. ఆహ్వానంతో పాటు రంగుల బొమ్మ ఒకటి పంపారు. కచేరీ పెద్ద నాజిం రాజనర్సయ్య గారు బొమ్మను తిరగేసి, వెనక సర్కారీ మొహరు ముద్ర ఉన్నందుకు ఎంతో సంతోషించారు. నకలు రాసుకొమ్మని దాన్ని గుమాస్తా జీవానందం చేతికి ఇచ్చినప్పుడే పొరపాటు జరిగింది. బొమ్మవైపు చూసి అతను "అబ్బ!" అన్నాడు.

కచేరీ అంతా తలెత్తింది. పదకొండేళ్లుగా టెంపరరీగా ఉన్న మనిషి అలా అనవచ్చునో లేదో ఎవరికీ తెలియదు. జీవానందానికీ తెలియదు. ఆ మాట తాను అన్నట్టు లేదతనికి. పక్కటెముకల కింద ఇన్నాళ్లూ ఎవరో మాట్లాడకుండా కూర్చుని, ఇప్పుడు గొంతు సవరించుకున్నట్టు ఉంది.

దౌరాకు, అంటే సర్కారీ పర్యటనకు, ఏర్పాట్లు మొదలయ్యాయి. గుడారాలకు, పాన్‌దాన్‌కు, పెట్టెలు మోసేవాళ్లకు విడివిడిగా ఫైళ్లు తెరిచారు. రాజనర్సయ్య గారు దూరదృష్టి గలవారు. ఎవరికీ తట్టని చిక్కు ఆయనకే తట్టింది.

"పూలు జూసినంక ఆశ్చర్యపోవాలె గద? లేకుంటే ఆ సంస్థానమోళ్లు మనసు కష్టపెట్టుకుంటరు."

"తమరే ఆశ్చర్యపోండ్రి హుజూర్," అన్నాడు చప్రాసి మొగిలయ్య.

"నేనెట్ల పోతనయ్యా? నేను ఆశ్చర్యపోతే నాకు ముందుగాల తెల్వదని అర్థం. నాజిముకు తెల్వనిదుంటదా?"

ఈ ప్రశ్న మీద మూడు మీటింగులు జరిగాయి. మూడో మీటింగులో ఆశ్చర్యపు గుమాస్తా అనే కొత్త పోస్టు పుట్టింది. ఇంతకుముందు అనుభవం ఉన్నవాడు జీవానందం ఒక్కడే. అతను నాజిం గారికి ఒకడుగు వెనక, ఎడమ పక్క నిలబడాలి. పువ్వు కనబడగానే నాజిం గారు చిటికె వేస్తారు. అప్పుడు అతను ఆశ్చర్యపోవాలి.

"పని మంచిగ చేసినవనుకో, నిన్ను పర్మనెంటు చేస్త," అన్నారు నాజిం గారు.

జీవానందం కొలువు ఆర్నెల్లకోసారి పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అమీర్‌పేటలో అతని భార్య లీలాకుమారి అతన్ని "ఆర్నెల్లాయన" అని పిలిచేది. నవ్వుతూనే పిలిచేది. కానీ ఐదో నెల రాగానే ఆ పిలుపు మానేసేది. అది మానేసినప్పుడే అతనికి ఎక్కువ భయం వేసేది.

రిహార్సల్సు జోరుగా సాగాయి. కచేరీ కప్పు మీద ఎర్రరంగు పూసిన ముంతలు పెట్టించారు. పైకి చూడబోతే నాజిం గారి తలపాగా వెనక్కి పడింది. దాన్ని పట్టుకోవడానికి ఇంకొకరిని నియమించారు. ఆశ్చర్యాన్ని మూడు రకాలుగా నిర్ణయించారు: ఒక పువ్వుకు చిన్న అబ్బ, ఒక ఇంటికి నడిమి అబ్బ, ఊరంతటికీ కలిపి పెద్ద అబ్బ. పెద్దదానికి చెయ్యి గుండె మీద పెట్టుకోవాలి.

"అబ్బ అన్నవా, పన్ను నొస్తుందన్నవా భాయ్?" అని మొగిలయ్య ప్రతిసారీ అడిగేవాడు.

జీవానందం ఇంట్లో కూడా సాధన చేశాడు. కిటికీలో ముంత పెట్టుకుని, దానివైపు హఠాత్తుగా తిరిగేవాడు.

"పెండ్లయి తొమ్మిదేండ్లాయె," అంది లీలాకుమారి. "నా మొకం జూసి ఒక్కనాడన్న అన్నవా గా మాట?"

"నువ్వు రోజు కనబడుతవు గదనే."

"గా ముంత సుత రోజు కనబడుతుంది గద!"

అతను ముంతను కిటికీలోంచి గూట్లోకి మార్చాడు. అసలు ఆశ్చర్యం లోపల ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టాలని రోజంతా తనను తానే గమనిస్తూ కూర్చున్నాడు. కలుగు ముందు కాపలా కూర్చుంటే ఎలుక బయటికి రాదు. నాలుగు వారాల్లో అతను మూడు రకాల అబ్బలనూ తప్పులేకుండా అనగలిగాడు. లోపల మాత్రం ఒక్కటీ కలగలేదు.

మార్చి చివర సంస్థానం నుంచి టెలిగ్రాఫు తంతి వచ్చింది. ఎండలు ముందే వచ్చాయి, పూలు విచ్చాయి, నాలుగు రోజుల్లో రాలిపోతాయి, వెంటనే రండి అని.

"దౌరా ఏప్రిల్ పన్నెండు. మొహరు పడ్డది," అన్నారు నాజిం గారు. "పూలను జర ఆగుమనుండ్రి."

ఆగుమని తంతి వెళ్లింది. పూలు ఆగలేదు. రాలిపోయాయి, క్షమించండి అని జవాబు వచ్చింది. నాజిం గారు పెద్దమనసుతో క్షమించారు.

"హుజూర్, మరి నా కొలువు?" అన్నాడు జీవానందం. అతని ఆర్నెల్లు ఎల్లుండితో అయిపోతాయి.

నాజిం గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "దౌరా ఎందుకు? పూలు చూస్తానికి. చూసుడెందుకు? ఆశ్చర్యపోతానికి. అసలుది మన కచేరీలనే ఉన్నది గద! నువ్వు ఇక్కడనే ఆశ్చర్యపో. తంతి కొట్టిద్దాం. కాని నిజంగ ఆశ్చర్యపోవాలె. సర్కారు అబద్ధం పంపదు."

మర్నాడు పొద్దున అందరూ గదిలో చేరారు. నాజిం గారు చిటికె వేశారు. జీవానందం నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్లీ చిటికె. చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. గుండె కొట్టుకుంటోంది, అంతే.

"రాదా?" అన్నారు నాజిం గారు. "అయితే ఎల్లుండికెల్లి రాకు."

సిగ్గుతో జీవానందం మొహం కిటికీవైపు తిప్పుకున్నాడు. కచేరీ వెనక, బండరాళ్ల మధ్య ఒక మోదుగుచెట్టు. ఆకు ఒక్కటీ లేదు. కొమ్మ కొమ్మకూ పువ్వు నిప్పంటుకున్నట్టు పూసి ఉంది. పదకొండేళ్లు అతను దాని కిందనుంచే నడిచి వచ్చాడు.

"అబ్బ!"

ఇది ఏ రకం అబ్బో తంతి కోసం రాసుకుంటున్న గుమాస్తాకు అర్థం కాలేదు. పెద్దదానికంటే పెద్దదని అందరూ ఒప్పుకున్నారు. తంతి వెంటనే వెళ్లిపోయింది.

"శభాష్!" అన్నారు నాజిం గారు. "ఇంతకు దేన్ని జూసి అన్నవ్?"

జీవానందం అమాయకంగా వేలు చూపించాడు. నాజిం గారు కిటికీ దగ్గరికి వచ్చి చెట్టును చూశారు.

"గీ చెట్టు మన రిజిస్టర్ల ఉన్నదా?"

"లేదు హుజూర్," అన్నాడు మొగిలయ్య.

"మరి ట్యూలిప్పుల ఆశ్చర్యం ఇదెట్ల వాడుకున్నది? రేపు ఎవరన్న వచ్చి అడిగితే సర్కారు అబద్ధమాడినట్టయితది."

సర్కారు అబద్ధమాడదు కనుక మధ్యాహ్నం చెట్టు కొట్టించారు. సాయంత్రం పర్మనెంటు ఆర్డరు వచ్చింది. గొడ్డలి చప్పుడు ఇంకా ఆగలేదు. జీవానందం సంతకం పెట్టి, పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. అక్కడ ఎవరూ లేరు.

మర్నాడు కచేరీకి సెలవు. పర్మనెంటు అయిన విందు వంటకని మొగిలయ్య అమీర్‌పేటకు కట్టెలమోపు మోసుకొచ్చి వాకిట్లో దించాడు. లీలాకుమారి తలుపు తీసింది. మోపులో ఒక మోదుగు కొమ్మకు పూలు ఇంకా వాడలేదు.

"అబ్బ!" అంది లీలాకుమారి.

జీవానందం వీధికి అటూ ఇటూ చూసి, గబుక్కున తలుపు వేశాడు.

"మెల్లగనవే," అన్నాడు. "గా కొలువు నాది."