చల్లగదిలో చెమటలు

“ఈ భూమ్మీద నేరం ఇంకా మిగిలి ఉందంటే కారణం ఒక్కటే. నేను ఒక్కణ్ణే ఉన్నాను!” అని ప్రకటించి, డేగగారు గట్టిగా తుమ్మారు.

తుమ్ము సరిగ్గా తరిగిపెట్టిన ఉల్లిపాయల మీద పడింది. వంటమాస్టరు ఆ పళ్లేన్ని చెత్తడబ్బాలో బోర్లించాడు.

హోటల్ యజమాని తల పట్టుకున్నాడు. డేగ అన్నది ఆ పెద్దమనిషి తనకు తానే తగిలించుకున్న బిరుదు. అక్క మొగుడు కాబట్టి గెంటెయ్యడానికి లేదు, డిటెక్టివ్ కాబట్టి భరించడానికీ లేదు. పైగా అసలు గండం నెత్తిన కూర్చుంది. ఈమధ్య రెండు కుటుంబాలు ఇక్కడ భోంచేసి, కడుపు పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తాయి. ఫిర్యాదు వెళ్లింది. ఆహార తనిఖీ ఇన్‌స్పెక్టరు ఏ క్షణాన్నైనా రావచ్చు.

“బావా, నీకు పుణ్యముంటుంది, ఇంటికెళ్లు.”

“పిచ్చివాడా! ఇది అజీర్తి కాదురా, కుట్ర! ఎదురు హోటలువాడు మనిషిని పంపి విషం కలిపిస్తున్నాడు. నా ముక్కు పసిగట్టేసింది.”

“మీ ముక్కు పొద్దుట్నుంచీ మూసుకుపోయింది కదండీ?” అన్నాడు వంటమాస్టరు.

“మునులు కూడా ముక్కు మూసుకునే తపస్సు చేశారయ్యా!”

మధ్యాహ్నం రద్దీ తగ్గాక యజమాని వంటింట్లోకి వచ్చేసరికి, డేగగారు మాంసం నిలవచేసే కోల్డ్ రూమ్ తలుపుకి వీపు ఆనించి, యుద్ధం గెలిచినట్టు నిలబడి ఉన్నారు.

“పట్టేశాను! తెల్లకోటు, నెత్తిన టోపీ, మూతికి గుడ్డ, వేలిముద్రలు పడకుండా చేతికి తొడుగులు! దొడ్డిదారిన వచ్చాడు. ఈ తలుపు తీసి తల లోపల పెట్టాడో లేదో, వెనకనుంచి ఒక్క తోపు తోసి గడియ పెట్టేశా.”

యజమాని తలుపు దగ్గరికి పరిగెత్తాడు. “మెళ్లో కార్డేమైనా ఉందా బావా?”

“ఉంది. దొంగకార్డు. దానిమీద ఇన్‌స్పెక్టర్ అని రాసి తన ఫొటో కూడా అంటించుకున్నాడు. ఎంత తెలివో చూడు!”

“చంపావు కదయ్యా!”

తలుపు మీద చలి కొలిచే మీటరు ముల్లు గడ్డకట్టే చలి చూపిస్తోంది. లోపలున్నాయనకి కప్పడానికి యజమాని బల్లమీది గుడ్డ లాగాడు. వంటమాస్టరు వేడి టీ పట్టుకొచ్చాడు. గడియ తీశారు.

ఇన్‌స్పెక్టరు వణుకుతూ రాలేదు. చెమటతో నిలువునా తడిసి, నిండా బట్టలతో ఏట్లో మునిగి లేచినవాడిలా వచ్చాడు. ఆయన వెనకే కుళ్లు వాసన గుప్పున వచ్చింది. డేగగారు తప్ప అందరూ ముక్కులు మూసుకున్నారు.

“ఉక్కపోత!” అని అరిచాడు ఇన్‌స్పెక్టరు. “చల్లగదా ఇది? ఇటుకల బట్టీ!”

యజమాని ముల్లు మీది అద్దాన్ని వేలితో కొట్టాడు. ముల్లు కదల్లేదు. ఎప్పుడో బిగుసుకుపోయింది. మధ్యాహ్నం పొయ్యిలన్నీ ఒక్కసారి వెలిగాక ఆ వేడికి చల్లబరిచే యంత్రం ఆగిపోయి, రాత్రికి మళ్లీ తిరుగుతోందని తర్వాత మెకానిక్కు తేల్చాడు. పొద్దున్నే సరుకు తీసేవాళ్లకి చల్లగానే తగిలేది. మధ్యాహ్నం ఆ తలుపు ఎవరూ తీసేవారు కాదు.

“ముల్లుని నమ్ముకుని కూర్చున్నారా? హోటలుకి సీలు వేస్తాను!” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“వెయ్యండి సార్, తప్పు నాదే,” అన్నాడు యజమాని. “కానీ పోయినసారి మీరూ ముల్లే చూసి భేషన్నారు. లోపలికి రమ్మంటే జలుబు చేస్తుందన్నారు.”

ఇన్‌స్పెక్టరు మళ్లీ చెమట తుడుచుకున్నాడు. ఇది వేరే చెమట.

“చూశారా!” అన్నారు డేగగారు. “సాక్షిని నేరస్థలంలోనే బంధించి నిజం రాబట్టడం నా పద్ధతి.”

సీలు పడింది. మాంసమంతా యజమాని తన చేతుల్తోనే పారబోశాడు. ఆ రెండు ఇళ్లకీ వెళ్లి తిట్లు తిని, క్షమించమని అడిగి వచ్చాడు. యంత్రం, ముల్లు మార్చాకే మళ్లీ తెరుస్తానన్నాడు.

తెరిచే రోజున ఇన్‌స్పెక్టరు సొంత థర్మామీటరుతో వచ్చాడు. కోల్డ్ రూమ్ గడప దగ్గర టక్కున ఆగాడు.

“ముందు ఇది చెప్పండి. మీ బావగారు ఎక్కడున్నారు?”

“ఎదురు హోటల్లో సార్. వాళ్ల వంటింట్లో ఏదో కేసు దొరికిందట.”

ఇన్‌స్పెక్టరు సంచీలోంచి ఎదురు హోటలు తనిఖీ కాగితం తీసి, గోడకి ఆనించి, ‘అంతా భేష్’ అని అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు.