భీష్మించుకున్న డిస్కు

ఆ రోజు పొద్దున మా ఇంట్లో పెట్టుకున్న పని చాలా చిన్నది. పాత హార్డ్‌డిస్కును తుడిచి ఖాళీ చేయాలి. కొత్త డిస్కులో ఉన్న బడి ప్లాను బొమ్మలకు అందులో ఇంకో నకలు దింపుకోవాలి. అంతే.

"పది నిమిషాలు అత్తయ్యా," అన్నాడు అల్లుడు, పళ్ళు తోముకుంటూనే.

వెనకగది కిటికీ గడియ మార్చడం కూడా పది నిమిషాలే అన్నాడు. ఆ కిటికీని ఇప్పటికీ తాడుతో కట్టుకుంటున్నాం.

మా అల్లుడు ఇళ్ళకూ భవనాలకూ ప్లాన్లు గీస్తాడు. ముందుగదిలో గోడవారగా ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, అదే ఆఫీసు. అతని కుర్చీ వెనక రెండడుగుల దూరంలో నా కుట్టుమిషను. మూడు నెలలుగా అతను ఒక బడికి కొత్త భవనం గీస్తున్నాడు. ఆ బడి హెడ్మిస్ట్రెస్ ఇప్పటికి రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ "వచ్చే వారం" అన్న మాట పట్టుకుని వెళ్ళింది. ఆ సాయంత్రం ఐదింటికి మూడోసారి వస్తానంది. ప్లాను చేతిలో పెట్టకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానని ఫోన్లో చెప్పింది. కోపంగా చెప్పి ఉంటే మాకు కాస్త ధైర్యంగా ఉండేది. నవ్వుతూ చెప్పింది.

పోయిన వారం కంప్యూటరు మొరాయిస్తే, అల్లుడు దానిలో ఉన్నదంతా తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టాడు. అందువల్ల బడి బొమ్మలన్నీ కొత్త డిస్కు ఒక్కదానిలోనే మిగిలాయి. "ఒక్కచోటే ఉంటే ప్రమాదం. ముందు నకలు తీస్తా, తర్వాత అచ్చు వేస్తా," అన్నాడు. ఇంత ముందుచూపున్న మనిషి నాకు అల్లుడైనందుకు పొంగిపోయాను. ఆ పొంగు మధ్యాహ్నం దాకా నిలవలేదు.

ఇందులో నా ఘనకార్యం కూడా చెప్పాలి. మిగిలిపోయిన గుడ్డముక్క కనిపిస్తే నా చేయి ఊరుకోదు. టీవీ రిమోటుకు, ఇస్త్రీపెట్టెకు, ఆఖరికి తలుపు గొళ్ళేనికి కూడా గలీబులు కుట్టాను. రెండు డిస్కులూ అక్కచెల్లెళ్ళలా ఒకేలా నల్లగా ఉంటాయి. అందుకని పాత కర్టెను చింపి వాటికీ చెరొక గలీబు కుట్టి, కొత్తదానికి ఎర్ర గుండీ, పాతదానికి తెల్ల గుండీ పెట్టాను. "భలే ఆలోచన అత్తయ్యా!" అని అల్లుడు మెచ్చుకున్నాడు కూడా. నేను చదివింది నాలుగో తరగతి. కంప్యూటరు పనికి నావల్ల జరిగిన మేలు అదొక్కటేనని గర్వపడ్డాను.

తెల్ల గుండీ విప్పి, అల్లుడు పాత డిస్కును వైరుకు తగిలించాడు. డిస్కు తెరుచుకోలేదు. ఫార్మాట్ చేస్తే తప్ప తెరవడం కుదరదు, చేయమంటారా అని కంప్యూటరు అడిగింది. సరే చేయమని అల్లుడు మీట నొక్కాడు. తెర మీద పచ్చగీత ఒకటి నత్తలా పాకి, చివరిదాకా వెళ్ళి ఆగింది. ఫార్మాట్ కుదరలేదని జవాబు వచ్చింది.

తెరవమంటే, తుడిస్తే తెరుస్తానంటుంది. తుడుస్తామంటే, కుదరదంటుంది. మా పెద్దాడపడుచు అచ్చం ఇలాగే ఉండేది. భోజనానికి రాలేదేమంటే పిలిస్తే వచ్చేదాన్ని అనేది, పిలిస్తే ఆకలి లేదనేది.

అల్లుడు వైరు మార్చాడు. వైరు గుచ్చే చోటు మార్చాడు. కంప్యూటరును ఆర్పి వెలిగించాడు. డిస్కు మూతిలోకి ఉఫ్ఫుమని ఊదాడు. ఫోన్లో ఒకాయన ఇలా చేయండి అలా చేయండి అని చూపిస్తున్న వీడియో పెట్టుకుని, నల్లటి తెర మీద తెల్ల అక్షరాలతో ఏవేవో ఆజ్ఞలు రాశాడు. ఆ వీడియోలో ఆయన డిస్కు బుద్ధిగా తుడుచుకుపోయింది. మాది మాత్రం భీష్మించుకు కూర్చుంది.

పదకొండు గంటలకు మా అమ్మాయి లేచి వచ్చింది. ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీ దిగి వచ్చి పడుకుంది. వచ్చీ రాగానే డిస్కు మీద చేయి వేసి చూసింది.

"ఒళ్ళు కాలిపోతోందండీ దీనికి. కాసేపు వదిలేయండి."

"వదిలేస్తే ఐదింటికి ఆవిడ నన్ను వదిలేస్తుంది," అన్నాడు అల్లుడు.

"పది నిమిషాలన్నారుగా?"

"అన్నాను. ఏ పది నిమిషాలో చెప్పలేదు."

సరిగ్గా అప్పుడే నా బుర్రలో జోరీగ దూరింది. నిన్న ఆ గలీబులు రెండూ ఉతికాను. ఆరాక తిరిగి తొడిగాను. ఏది దేనికి తొడిగాను?

మామూలుగా నాకు మరుపు లేదు. అమ్మాయి బారసాల నాడు ఏ చుట్టం ఏ రంగు చీర కట్టిందో, ఎవరు ఎవరి మీద అలిగి వెళ్ళారో ఇవాళ అడిగినా చెబుతాను. అడగకపోయినా చెబుతాను. కానీ పోయిన వారం కుళాయి కట్టేశానో లేదోనని మూడుసార్లు లేచి చూసి వచ్చాను. "అమ్మా, నీకు మరుపు మొదలైంది," అంది అమ్మాయి. ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది. దాచిపెడితే పాపమని నోరు విప్పాను.

"బాబూ, ఒక చిన్న మాట. గలీబులు ఉతికినప్పుడు అటుదిటు తొడిగానేమోనని నాకు అనుమానంగా ఉంది."

అల్లుడు మీట మీద నుంచి చేయి తీసేశాడు.

"అంటే... పొద్దున్నుంచి నేను తుడిచేద్దామని కుస్తీ పడుతున్నది బడి బొమ్మల్నా?" అన్నాడు అల్లుడు.

"అమ్మా! ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడే గదే గుర్తొచ్చింది!"

అల్లుడు డిస్కును రెండు చేతులతో ఎత్తి, మెత్తటి తువ్వాలు మీద పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టాడు. "ఎంత బంగారం లాంటి డిస్కు! నేను తుడుస్తానన్నా తను తుడవనిచ్చిందా?" అన్నాడు. పొద్దున్నుంచి తిట్టిన నోళ్ళతోనే దాన్ని పొగిడాం. అయితే పొగిడినా అది తెరుచుకోలేదు.

వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే ఆవిడ దుకాణం ఉంది. ఫోను చేస్తే, "దాన్నింక ముట్టుకోకండి సార్. నా మిషను తెస్తున్నా. లోపలివి బయటికి లాగితే పోసుకోవడానికి ఒక ఖాళీ డిస్కు సిద్ధంగా పెట్టండి," అంది.

ఖాళీ డిస్కు! గలీబులు తారుమారైతే పాతది ఆ రెండోదే కదా. అల్లుడు ఎర్ర గుండీ విప్పి రెండో డిస్కును తగిలించాడు.

"ఒక్కసారి తెరిచి చూడం..." అని అమ్మాయి అంటూనే ఉంది. పొద్దున్నుంచి అదే మీట నొక్కి నొక్కి అలవాటు పడ్డ వేలు, ఆమె మాట పూర్తయ్యేలోపే నొక్కేసింది. పచ్చగీత ఒక్క పరుగున అటు చివరికి చేరింది. ఐదు క్షణాలు పట్టిందేమో.

"చూశావా? మంచి డిస్కు అంటే ఇలా ఉండాలి! చెప్పిన మాట వినాలి!" అన్నాడు అల్లుడు.

నేను చప్పట్లు కొట్టాను. ఆ సంగతి ఇంకెవరైనా చెప్పేలోపు నేనే చెప్పుకోవడం మేలు.

బాగుచేసే ఆవిడ జడముడిలో స్క్రూడ్రైవరు గుచ్చుకుని, భుజానికి బరువు సంచీ వేసుకుని వచ్చింది. తువ్వాలు మీదున్న డిస్కును తన మిషనుకు తగిలించింది. మా కంప్యూటరు మాట విననిది ఆవిడ మాట విని తెరుచుకుంది. లోపలి నుంచి పన్నెండు సినిమాలు, మీసాలు లేని కాలపు అల్లుడు, నోరు తెరుచుకుని గురక పెడుతున్న నేను, ఒక్కొక్కటే బయటికి వచ్చాం.

"బడి ఏదండీ?" అన్నాడు అల్లుడు.

"బడి లేదు సార్. అన్నీ ఎప్పటివో పాతవి."

నలుగురం మెల్లగా రెండో డిస్కు వైపు తిరిగాం.

అప్పుడు తెలిసింది, గలీబులు నేను సరిగ్గానే తొడిగానని. నా బతుకులో నేను ఒప్పుకున్న తప్పు అదొక్కటే, అదీ చేయని తప్పు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

అల్లుడు కుర్చీలో కూలబడ్డాడు. "మూడు నెలలు," అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అమ్మాయి అతని భుజం మీద చేయి వేసి నిలబడింది.

"మరి ఈ పాతదానికి ఏం రోగం? ఎందుకు తుడవనివ్వలేదు?" అని బాగుచేసే ఆవిడను అడిగాను, మాట మార్చడానికి.

"రోగం కాదమ్మమ్మగారూ, వయసు. చివరి రోజుల్లో కొన్ని ఇలా అవుతాయి. కొత్తది ఒక్క ముక్క ఎక్కించుకోవు, పాతది ఒక్క ముక్క వదలవు. ఎవరు చెప్పినా వినవు. లోపలున్నది మాత్రం చెబుతూనే ఉంటాయి."

ఎవరూ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నారో కనబడుతూనే ఉంది.

"సార్, మీరు రెండోదాన్ని పైపైనే తుడిచారు," అంది ఆవిడ. "దాని మీద ఇంకేమీ రాయలేదు కాబట్టి లోపల బొమ్మలుంటాయి. నా మిషనులోకి లాగుతా. కాకపోతే వాటి పేర్లు, తేదీలు రావు. వట్టి నంబర్లు వస్తాయి."

అల్లుడికి ప్రాణం లేచి వచ్చింది. మూడున్నరకు రెండు వందల పద్నాలుగు బొమ్మలు వచ్చాయి. ఆ ప్రాణం మళ్ళీ కూర్చుంది. ఎందుకంటే అతనిది ఒక పద్ధతి. గీత ఇటుది అటు జరిపినా పాతదాన్ని అలాగే ఉంచి కొత్తగా దాచుకుంటాడు. ఒకదానికి 'చివరిది', ఇంకోదానికి 'అసలు చివరిది', ఆ పైదానికి 'ఒట్టు, ఇదే చివరిది' అని ఇంగ్లీషులో పేర్లు పెడతాడు. పేర్లన్నీ ఎగిరిపోయాక రెండు వందల పద్నాలుగు బళ్ళూ ఒకే బడిలా ఉన్నాయి. అల్లుడు ఒకదాని తర్వాత ఒకటి చూస్తున్నాడు.

"ఇదే అనుకుంటా," అన్నాడు ఒకదాని దగ్గర ఆగి.

మంచినీళ్ళు తెచ్చిన నేను తెర వైపు చూశాను. "అది కాదు బాబూ. అందులో ల్యాబు తలుపు లోపలికి తెరుచుకుంటోంది. దాన్ని మీరు బయటికి మార్చారు. మీరూ అమ్మాయీ మాట్లాడుకోని వారంలో."

"ఎందుకు మాట్లాడుకోలేదమ్మమ్మగారూ?" అంది బాగుచేసే ఆవిడ, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

"కిటికీ గురించి."

"అమ్మా!"

"ఏంటే అమ్మా? అడిగింది, చెప్పాను."

మూడు నెలలు అతని వీపు వెనక కూర్చుని కుట్టినదాన్ని. దారం తెగినప్పుడల్లా తల ఎత్తితే ఎదురుగా ఆ తెరే. అల్లుడు ఇక నీళ్ళు కూడా తాగలేదు. ఒక్కొక్క బొమ్మా తిప్పుతున్నాడు, నేను చెబుతున్నాను.

"ఇది మీకు జలుబు చేసిన రోజుది. ఒక మెట్టు తక్కువ గీశారు. ఇది మీ అన్నయ్య ఫోన్లో అరిచినప్పటిది, గోడ వంకర పోయింది. ఇది అమ్మాయి చూసి బావుందన్నది. ఆ సాయంత్రమే మీరు మొత్తం మార్చేశారు."

"నేను బాగుందన్నందుకా?" అంది అమ్మాయి.

"తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు అల్లుడు.

నాలుగున్నరకు నూట తొంభై ఎనిమిదో నంబరు తెర మీదికి వచ్చింది. "ఇదే. మొన్న గురువారం ఇది గీసి చేతులు దులుపుకుని లేచారు," అన్నాను. అల్లుడు తెరకు ముక్కు ఆనించి వెతికాడు. తలుపు బయటికి తెరుచుకుంది. మెట్లు లెక్కకు సరిపోయాయి. గోడ తిన్నగా ఉంది. అచ్చు వేసి, బల్ల మీద పరిచి, మూలలకు నా కత్తెర, దారపుండలు బరువు పెట్టేసరికి తలుపు చప్పుడైంది.

హెడ్మిస్ట్రెస్ కళ్ళద్దాలు సవరించుకుని ప్లాను మీదికి వంగింది. చాలాసేపు చూసింది. బాగుచేసే ఆవిడ వైర్లు చుట్టడం ఆపేసింది. అల్లుడు ఊపిరి తీసుకోవడం కూడా ఆపేశాడనుకుంటాను.

"చాలా బాగుంది," అంది హెడ్మిస్ట్రెస్. అల్లుడు ఊపిరి వదిలాడు. "కానీ మొదట్లో మీరు ఒకటి చూపించారు చూడండి, మెట్లు వరండా చివరన ఉన్నది. మా టీచర్లందరికీ అదే నచ్చిందండీ. అదే ఖాయం చేద్దాం. ఉందిగా?" అని నవ్వింది.

అల్లుడు అమ్మాయి వైపు చూశాడు. అమ్మాయి బాగుచేసే ఆవిడ వైపు చూసింది. ఆవిడ నా వైపు చూసింది.

ఇంగ్లీషు పేర్లయితే నాకు చదవడం రాదు కానీ, నంబర్లు వచ్చు.

"నూట పదిహేడు," అన్నాను, సూదిలో దారం ఎక్కించుకుంటూ.