పదిహేడో నంబరు అప్పు పెంచిన కొబ్బరిచెట్టు

తొంభై రోజుల్లో వెళ్ళిపోవలసిన అప్పు కొబ్బరిచెట్టు ఎందుకు నాటుకుంటుంది, నాటుకున్నా అది కాయలు కాసేదాకా ఇక్కడే ఎలా ఉంటుంది అనుకుంటూ యశోధర, ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీ వసతిగృహం ముందు నిలబడింది. కంపెనీ తీసుకున్న స్వల్పకాలిక అప్పులు మనుషులై ఆ ఆవరణలోనే బస చేయాలి. వాటాదార్లు మంగళవారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా వాళ్ళను చూసుకోవచ్చు. ఆధార్ నకలు ఇవ్వాలి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఆమె రెండూ చేసింది.

గుంటూరులోనే ఒక జూనియర్ కాలేజీలో ఆమె స్టాటిస్టిక్స్ చెబుతుంది. ఇల్లు కొందామని దాచిన ఎనిమిది లక్షలూ ఈ కంపెనీ షేర్లలో ఉన్నాయి. రేపు వార్షిక ఫలితాలు. ఉంచడమో అమ్మడమో ఇవాళ మార్కెట్ మూసేలోగా తేలాలి.

నివేదికలు మాత్రం ముచ్చటగా ఉన్నాయి. మార్చి ముప్పై ఒకటి నాటికి వసతిగృహంలో ఉన్న అప్పులు ఐదేళ్ళ కిందట ఇరవై రెండు, తర్వాత పదిహేను, తొమ్మిది, నాలుగు. నిరుడు సున్నా. ఆ గీతను చూసి ఊరంతా షేర్లు కొంది. మిర్చి కోతలు జోరుగా సాగే మార్చిలో, రైతులకు బయానాలు ఇవ్వడానికి డబ్బు ఎక్కువ కావలసిన నెలలో, అప్పులు ఎలా తగ్గుతాయన్నది ఒక్కటే ఆమెకు మింగుడుపడలేదు. అందుకే ముందు వంటింటికి వెళ్ళింది.

"నెలకి ఎన్ని బస్తాల బియ్యం పడతాయి పిన్నిగారూ?"

"ఐదేళ్ళ కింద ఆరు. ఇప్పుడు పధ్నాలుగు కూడా చాలట్లేదమ్మా," అంది వంటమనిషి రత్తమ్మ. "ఒక్క మార్చి ఆఖరి రోజే పొయ్యి ముట్టించను. ఆ రోజు అందరూ కాలవగట్టు మీద కూర్చుని ముందురోజు రాత్రి కలిపిన పులిహోర తింటారు. తెల్లారి మళ్ళీ మామూలే."

యశోధర పుస్తకంలో పులిహోర అని రాసుకుని కింద రెండు గీతలు గీసింది. ఇన్నేళ్ళూ ఆడిటర్లు ఆ ఒక్కరోజు ఖాళీగా ఉన్న గదులే లెక్కపెట్టారు తప్ప బియ్యం బస్తాలు లెక్కపెట్టలేదు.

పెరట్లో పదిహేడో నంబరు అప్పు లుంగీ ఎగ్గట్టి చెట్టుకు నీళ్ళు పోస్తున్నాడు. బొజ్జ, చత్వారం కళ్ళద్దాలు.

"ఎప్పుడొచ్చారండీ?"

"మొన్న ఏప్రిల్ ఒకటిన."

"చెట్టో?"

"దానికి ఏడేళ్ళు." ఆయన ముఖంలో తడబాటు లేదు. "కాగితం మీద మేం తొంభై రోజులోళ్ళమే మేడమ్. గడువు కాగానే కొత్త పాసు రాస్తారు. అటు చూడండి, ఆ కొత్త గోదాము మా డబ్బుతో కట్టిందే. ఒక్కడికి పాసు రాయలేదనుకోండి, మిగతావాళ్ళూ సంచులు సర్దుతారు. గోదాము అమ్మి మా బాకీ తీర్చడానికి తొంభై రోజులు ఎక్కడ సరిపోతాయి?"

ముగ్గురు ఆడిటర్లకు, టీవీలో షేర్ల జాతకం చెప్పే పెద్దమనిషికి అందనిది ఆమెకు అందింది. క్లాసులో బోర్డు మీద ఎన్నో వక్రరేఖలు గీసింది కానీ వాటిలో ఒక్కటీ ఆమె సొంతం కాలేదు. ఇది సొంతం.

"అంటే లెక్క చూసే మార్చి ముప్పై ఒకటిన మాత్రం మిమ్మల్ని బయటికి పంపి, తెల్లారి మళ్ళీ తెచ్చుకుంటారన్నమాట," అంది.

"భలే పట్టేశారే! ఎట్టా తట్టింది మీకు?" అన్నాడు ఆయన, నిజంగానే సంతోషపడుతూ.

"మార్చి ముప్పై ఒకటిన నన్నూ తీసేస్తారు. ఒకరోజు ఆగి మళ్ళీ పెట్టుకుంటారు. కాంట్రాక్టు లెక్చరర్ని. పధ్నాలుగేళ్ళయింది."

"అయితే మనోళ్ళే!" ఆయన చెంబు కింద పెట్టాడు. "ఆ రోజు ఎక్కడ కూర్చుంటారు మరి?"

"ఇంట్లోనే. తలుపు వేసుకుని."

"అదేంటి, ఒక్కళ్ళే? ఈసారి కాలవగట్టుకి వచ్చేయండి. చోటుకేం తక్కువ లేదు. ఏటా కొత్తవాళ్ళు వస్తూనే ఉన్నారు. టీచర్లు, నర్సులు, కరెంటాఫీసువాళ్ళు."

వస్తానంది. అలా అన్నందుకు ఆమెకు ఆశ్చర్యం కూడా కలగలేదు. ఫోను తీసి షేర్లన్నీ తెర మీదికి తెచ్చుకుంది. వాటి పక్కన అమ్మడానికి ఎర్రటి గడి ఒకటి ఉంది. పధ్నాలుగేళ్ళ ఉద్యోగానికి అలాంటి గడి ఉందేమోనని ఒక్క క్షణం వెతికినట్టు తెరంతా చూసింది. తర్వాత తల ఎత్తి, పదిహేడో నంబరు వైపు నవ్వి, ఆ ఎర్రటి గడి మీద వేలు ఆనించింది.