తీగ గుంజితేనే హాజరు

ఒక పెద్ద అడవిలో బడి ఒక్కటే ఉండేది. దాని మీద అజమాయిషీ చేసే అధికారులు మాత్రం పదకొండు మంది.

బడంటే వాగు ఒడ్డున ఇసుక మేట. పంతులు ఉడుము పట్టాభయ్య. ఆ అడవిలో చదువంటే జాడలు చదవడమే. దుప్పి గిట్ట ఏది, పంది గిట్ట ఏది, ఏ జాడ నిన్నటిది, ఏది ఇప్పటిది అని పట్టాభయ్య ముంగాలితో ఇసుకలో గీసేవాడు. పిల్లలు దిద్దేవారు. అన్నిటికన్నా ఆఖరి పాఠం పులి జాడ. అది రాకపోతే అంతకుముందు నేర్చినవన్నీ దండగే.

పోయిన వేసవిలో ముళ్లపంది మంగమ్మ పెద్దకొడుకు పులి జాడల మీదే కాళ్లు వేసుకుంటూ వెళ్లి మళ్లీ రాలేదు. అందుకే మంగమ్మ కూతుర్ని తెల్లారేసరికి ఇసుకలో కూర్చోబెట్టి, తానూ వెనక కూర్చునేది.

ఆ ఏడు అటవీ విద్యామండలి అధ్యక్షుడు ఎలుగుబంటి భల్లూకపతి గారికి కొత్త ఆలోచన వచ్చింది. వచ్చిందంటే, కోకిల కలకంఠి తెచ్చిపెట్టింది.

"పిల్లలు వాగు దాకా నడవడం దేనికండీ? కొండ మీంచి తిప్పతీగ లాగి ప్రతి బొరియకూ ఒక కొస ఇస్తాను. నేను కొండ మీద కూస్తే ఆ కూత తీగలో పడి ఇంటికే వస్తుంది. పిల్లవాడు తీగ గుంజితే నా దగ్గర గిలక మోగుతుంది. అదే హాజరు. గుంజుకొక తేనెపట్టు మంజూరు చేయించండి, చాలు."

"మరి మండలి పర్యవేక్షణ?" అన్నాడు భల్లూకపతి.

"ప్రతి పట్టులోనూ పావు వంతు పర్యవేక్షణ తమరిదే కదండీ."

భల్లూకపతి మూతి తుడుచుకున్నాడు. "చదువు విషయంలో పిసినారితనం పనికిరాదు" అన్నాడు.

తన గుడ్లు కాకి గూట్లో వదిలేసి పోయే కోకిలకు అడవి పిల్లలందర్నీ అప్పజెప్పడమేమిటని ఎవరూ అడగలేదు. గొంతు బాగుంది మరి.

తీగబడి మొదలైంది. మొదటి వారం పిల్లలు సరదాగానే పట్టుకున్నారు. "పులి జాడ గుండ్రముగా నుండును, కుహూ" అని తీగలో వినబడేది. ఎంత గుండ్రం, దేనిలా గుండ్రం, అది తీగలో కనబడదు. రెండో వారం కుందేలు పిల్ల ఒకటి తీగ కొసకు ఎండిన దిరిసెన కాయల గుత్తి కట్టి, తాను ఇసుక బడికి పరుగెత్తింది. గాలికి కాయలు ఊగాయి, తీగను గుంజాయి, హాజరు పడింది. మూడో వారానికి ప్రతి బొరియలోనూ కాయలే.

కలకంఠి ఇది చూసింది. కోప్పడలేదు. పాడుబడిన బొరియల్లోనూ, ఎండిపోయిన పుట్టల్లోనూ తానే మరికొన్ని గుత్తులు కట్టింది. అడవిలో పిల్లలు నాలుగు వందలు. తీగబడి హాజరు పదకొండు వందలు. జనాభాను మించిన అక్షరాస్యత సాధించామని భల్లూకపతి దండోరా వేయించాడు.

"చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లను చూశాం గానీ, కాయలకు చదువు చెప్పి తేనె తాగేవాళ్లను ఇప్పుడే చూస్తున్నాం" అంది మంగమ్మ.

పట్టాభయ్య పంది గిట్టలు దిద్దిస్తున్నాడు. ఇక పులి పాఠం ఒక్కటే మిగిలింది, దానికి మూడు రోజులు పడుతుంది.

ఇంతలో తనిఖీకి తొండ తాతారావు వచ్చాడు. ప్రతి మాటకూ తల ఊపడం ఆయన అలవాటు. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు. తాతారావు ఆ ప్రమోషన్ కోసమే ఎదురుచూస్తున్నాడు.

ఇసుకలో కూర్చున్న పిల్లల్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, ఆకు మీద రాసుకున్నాడు. "హాజరు, సున్నా."

"కళ్లు కనబడటం లేదా తాతారావ్? వీళ్లంతా ఎవరు?" అన్నాడు పట్టాభయ్య.

"వీళ్లు వచ్చారండీ. హాజరు కాలేదు. ఒక్కరైనా తీగ గుంజారా?"

"ఎదురుగా కూర్చున్నవాడు తీగెందుకు గుంజుతాడయ్యా?"

"నిజమేనండీ" అని తల ఊపి, ఆకు తిరగేసి చదివాడు. "పున్నమికి ముందు మూడు రోజుల్లో ఇరవై గుంజులకు తగ్గిన బడి మూత. ఇసుక మేట తీగబడికి అప్పగింత. అయితే, తెరిపి లేకుండా మూడు రోజులు గుంజిన విద్యార్థి ఒక్కరున్నా ఆ బడిని ఎవరూ ముట్టుకోరాదు."

"మూడు రోజులు ఏ పిల్లవాడు గుంజుతాడు?"

"కలకంఠి గారు ఒక తీగకు బండరాయి వేలాడదీశారండీ. చాలా శ్రద్ధగల విద్యార్థి. రూల్ రాసింది కూడా ఆవిడే."

"పున్నమి ఎప్పుడు?" అంది మంగమ్మ.

"నాలుగు రోజులుందమ్మా" అని తల ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు పట్టాభయ్య పులి పాఠం మొదలుపెట్టాడు. ఆషాఢం గాలి లేచింది. కొండ దిగిన మూలతీగ ఇసుక మేట పక్కగా సాగి, అక్కడి నుంచే బొరియలకు చీలుతుంది. వందల కాయలు ఒక్కసారి గలగలమంటే ఆ మోత తీగలో పడి పంతులి మాట వినబడలేదు. రెండుసార్లు అరిచాడు. మూడోసారి అరవలేదు. వెళ్లి మూలతీగను పళ్లతో పట్టి, తోకను బండకు చుట్టి బిగించాడు. ఉడుం పట్టు సంగతి తెలిసిందే కదా. మోత ఆగింది.

"ఇక పాఠమెలా చెబుతారు పంతులు గారూ? నోరు తీగకిచ్చేశారే" అంది మంగమ్మ.

పట్టాభయ్య ముంగాలితో ఇసుకలో పులి జాడ గీశాడు. నాలుగు వేళ్లు, వెనక మెత్త, గోళ్ల గుర్తు లేదు. పిల్లలు దిద్దారు. జాడ చెప్పడానికి నోరెందుకని మంగమ్మకు అప్పుడు తట్టింది. నిన్నటి జాడ అంచులు విరిగి ఉంటాయి, ఇప్పటి జాడ అంచులు నిలబడి ఉంటాయి. అదీ గీశాడు. మూడు పగళ్లు, మూడు రాత్రులు తిండి లేదు, నీళ్లు లేవు, పట్టు వదల్లేదు.

కొండ మీద గిలక ఒక పక్కకు వంగి అలాగే ఉండిపోయింది. కాయల హాజరు రాలేదు, బండరాయి హాజరూ రాలేదు. మూడు రోజులకు కలిపి తీగబడి లెక్క ఒకే ఒక్క గుంజు.

పున్నమి నాడు మండలి మొత్తం ఇసుక మేటకు దిగింది.

"ఈయన మా పదకొండు వందల మంది పిల్లల నోరు నొక్కేశాడండీ" అని కలకంఠి ఏడిచింది.

తాతారావు ఆకు చదివాడు. "ఇరవైకి తగ్గింది గనుక తీగబడి మూత. ఇసుక మేట దగ్గర మూడు రోజులు తెరిపి లేకుండా గుంజిన విద్యార్థి ఒకరున్నారు. పేరు పట్టాభయ్య. తరగతి ఒకటి. ఈ బడిని ఎవరూ ముట్టుకోరాదు."

"విద్యార్థికి గురువు ఉండాలిగా?" అన్నాడు భల్లూకపతి.

"కలకంఠి గారు ఖాళీగానే ఉన్నారండీ. పట్టాభయ్య పట్టు వదలనంతకాలం బడి ఉంటుంది. వదిలితే హాజరు పోతుంది" అని తాతారావు తల ఊపాడు.

భల్లూకపతి పట్టాభయ్య మెడలో ఉత్తమ విద్యార్థి దండ వేశాడు. వేస్తుండగానే వరసలో కూర్చున్న పిల్లలు ఒకళ్లనొకళ్లు చూసుకుని, చప్పుడు లేకుండా లేచి, వాగు అవతలి రాళ్ల సందుల్లోకి జారుకున్నారు. మంగమ్మ కూతురు తల్లిని లాక్కుపోయింది.

పట్టాభయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు తెరవలేడు. ముంగాలితో భల్లూకపతి పాదాల పక్కన ఇసుకను చూపించాడు. నాలుగు వేళ్లు, వెనక మెత్త, అంచులు ఇంకా నిలబడే ఉన్నాయి.

భల్లూకపతి వంగి చూశాడు. "బాగా గీశావోయ్, అచ్చు నిజందానిలాగే ఉంది" అన్నాడు.

"నూటికి నూరు వేయవచ్చండీ" అంది కలకంఠి.

తాతారావు మాత్రం ఖాళీ ఇసుక చూసి రాసుకున్నాడు. "పిల్లలందరూ గైర్హాజరు."

పొద మెదిలింది. కలకంఠి కొమ్మ మీదికి ఎగిరింది. తాతారావు రాళ్లలో దూరాడు. భల్లూకపతి మద్దిచెట్టు ఎక్కాడు గానీ, వెనక భాగంలో కొంత పులి దగ్గరే ఉండిపోయింది. పట్టాభయ్య తీగ నోట్లో ఉంచుకునే బండ కిందికి దూరాడు. పట్టు మాత్రం వదల్లేదు.

చెట్టు మీంచి భల్లూకపతి అప్పటికప్పుడే తీర్మానం చేశాడు. పిల్లలు గైర్హాజరైనందుకు పంతులికి నోటీసు, పులి జాడను పాఠాల్లోంచి తొలగింపు.

నీతి: చెట్టెక్కడం వచ్చినవాడికి చదువుతో పని లేదు.