కుంటి గుర్రానికి ఎన్ని మార్కులు?

భార్యకు అబద్ధం చెప్పే ముందు చుట్టాల సంగతులు ఒకసారి నెమరు వేసుకోవాలర్రా. ఆ ముక్క నాకు అరవై ఎనిమిదో ఏట తెలిసింది.

మా నురగ క్లిఫ్ మీకు గుర్తేగా? గ్లాసులో నురగ వేలెడు ఎక్కువైతే కౌంటరు దగ్గర పార్లమెంటు పెట్టేసేవాడు, అందుకని ఆ పేరు. మా గ్రిమ్స్‌బీ ఫుట్‌బాల్ జట్టు పై ఊళ్లో ఎక్కడ ఆడినా ముప్పయ్యేళ్ల పాటు మేమిద్దరం వెళ్లాం. ఆట సంగతి దేవుడెరుగు. ఆ ఊళ్లో పీపాలోంచి చేతిపంపుతో తోడిపోసే అసలైన బీరు ఏ పబ్బులో దొరుకుతుందో ముందు వెతికేవాళ్లం. తాగాక క్లిఫ్ తన నోటుపుస్తకంలో పదికి ఇన్నని మార్కులు వేసేవాడు.

కిందటేడు వేసవిలో వాడు పోయాడు. పుస్తకం నాకొచ్చింది. చివరి పేజీలో "రాచ్‌డేల్, కుంటి గుర్రం పబ్బు, నల్ల బీరు" అని ఉంది. ఎదురుగా మార్కు లేదు. వాడు లేని శనివారం ఎంత పొడుగో మీకేం తెలుసు!

ఈ ఏడు రాచ్‌డేల్‌లో ఆట పడింది. పబ్బుకు ఫోన్ చేశాను. ఆ బీరు కాచడం మానేశారట, గురువారం తెరిచేదే ఆఖరి పీపా అట. తెరిచిన పీపా మహా అయితే మూడు రోజులు. శనివారం వెళ్లకపోతే ఆ ఖాళీ ఇక జన్మలో నిండదు.

కానీ మోకాలి ఆపరేషన్ అయ్యాక మా మ్యూరియల్ నాకు పై ఊరి ఆటలు నిషేధించింది. అందుకని ఒక ఎత్తు వేశాను.

"మ్యూరియల్, శనివారం రాచ్‌డేల్ వెళ్లి మీ ఎనిడక్కయ్యను చూసొద్దామా? పాపం, ఒంటరి మనిషి."

అల్లుతున్న సూదులు ఆగాయి. "ఎనిడ్‌నా?"

"ఆఁ. ఎలా ఉందో ఏమో!"

"ఏం మారి ఉండదులే," అంది. "పద, వెళ్దాం."

పోట్లాట లేకుండా ఒప్పుకున్నందుకు నేను అనుమానించాల్సింది. అదృష్టమనుకున్నాను.

రాచ్‌డేల్ స్టేషన్‌లో దిగాక, "నువ్వు ముందు నడువు, నేను కేకు కొనుక్కొస్తా," అన్నాను.

"ఏ కేకైనా పర్లేదు. ఎనిడ్‌కి అన్నీ ఒకటే," అని చక్కా వెళ్లిపోయింది.

మా జట్టు నలుపు తెలుపు మఫ్లరు ప్యాంటులో దాచుకుని బయల్దేరాను. దారిలో ఒక పబ్బు గుమ్మంలో బీరువాలాంటి మనిషి నిలబడి ఉన్నాడు. లోపలికి ఆ ఊరి అభిమానులకే ప్రవేశం. నేనూ ఆ ఊరివాడిలా ముఖం పెట్టి కుంటి గుర్రానికి దారి అడిగాను.

అతను నా కాళ్లకేసి చూశాడు. "పెద్దాయనా, నీ తోక బయటికొచ్చింది."

ప్యాంటు కాలిలోంచి మఫ్లరు జానెడు వేలాడుతోంది.

"కుంటి గుర్రం ఆ కొండ మీద," అన్నాడు జాలిగా. "ఎక్కేసరికి నువ్వూ కుంటుతావు."

కుంటాను. కుంటుతూనే లోపలికి వెళ్లాను. నల్ల బీరు పంపు మీద పేరున్న బిళ్ళ వెనక్కి తిప్పి పెట్టి ఉంది. అలా ఉందంటే పీపా ఖాళీ అయిందన్నమాటే.

"అయిపోయిందామ్మా?" అన్నాను యజమానురాలితో.

"ఇందాకే. ఆఖరి గ్లాసు ఆ మూలనున్నావిడ తీసుకున్నారు."

ఏడుపొచ్చేసింది. మీ దగ్గర సిగ్గేముంది! కళ్లు తుడుచుకుని ఆ మూలకేసి చూశాను.

మ్యూరియల్.

ముందు గ్లాసు, అందులో అడుగున రెండు వేళ్ల బీరు. పక్కన, నేను పనిముట్ల పెట్టెలో దాచిన క్లిఫ్ పుస్తకం.

"ఎనిడ్ ఇంట్లో లేదా?" అన్నాను, ఇంకేం తోచక.

"లేదు. నాలుగేళ్లుగా లేదు. ఆవిడను సమాధి చేసొచ్చాక నువ్వు మూడు హామ్ శాండ్‌విచ్‌లు తిన్నావు. నాలుగోది జేబులో వేసుకున్నావు."

"నువ్వెలా వచ్చావు?"

"టాక్సీలో. బుర్ర ఉన్నవాళ్లు అలాగే వస్తారు. ఇది నీకోసమే కొన్నానయ్యా. నువ్వెంతకీ రావాయె, వేడెక్కుతుందేమోనని మొదలుపెట్టాను."

పుస్తకం తెరిచి చూస్తే ఆ ఖాళీలో ఆరు వేసి ఉంది.

"ఆరా! క్లిఫ్ అయితే తొమ్మిది వేసేవాడు!"

"నువ్వు పక్కనుంటే అన్నిటికీ తొమ్మిదే వేశాడు," అని పేజీలు తిప్పింది. "ఇదిగో, నీకు గవదబిళ్లలు వచ్చిన ఏడు లింకన్‌కి ఒక్కడే వెళ్లాడు. అంతకుముందు మీరు తాగిన పబ్బే, అదే బీరు. నాలుగు వేశాడు."

వాడి ఖాళీ కుర్చీ ఎక్కడున్నా నాకు కనిపిస్తూనే ఉంటుంది. శనివారాల్లో మ్యూరియల్ ఎదుటా నా ఖాళీ కుర్చీ ఉండేదని నేనెప్పుడూ అనుకోలేదు.

"ముప్పయ్యేళ్ల శనివారాలు," అంది మెల్లగా. "'నువ్వూ రావే' అని ఒక్కసారైనా అన్నావా?"

గ్లాసు నావైపు జరిపింది. తాగాను. నిజం చెప్పాలంటే ఆరు కూడా ఎక్కువే. దూరంగా మైదానంలో ఎవరో గోలు కొట్టినట్టున్నారు, పెద్ద కేక వినిపించింది. ఎవరు కొట్టారో మేమిద్దరం అడగలేదు. పెన్సిలు తీసుకుని ఆరు కొట్టేసి ఎనిమిది వేశాను.

"తొమ్మిదికి ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించావు?"

"అడుగు చుక్కలే మిగిల్చావు మరి."

నవ్వి, పుస్తకం తన చేతిసంచిలో వేసుకుంది. నాకివ్వలేదు.

"మళ్లీ పై ఊరి ఆట ఎప్పుడో చెప్పు, నేనూ వస్తాను," అంది లేస్తూ. "అబద్ధం ఆడాలనిపిస్తే మాత్రం ఈసారి బతికున్నవాళ్లను చూసుకో."